నిలువు గీత మీద అంకెలేవండీ?

మా మేనమామకి ప్లాటంటే రెండొందల గజాలది. నాకు ప్లాటంటే అడ్డగీత, నిలువుగీత ఉండేది. ఇన్నేళ్ళలో ఈ రెండు ప్లాట్లకీ ఎప్పుడూ తగాదా రాలేదు. పోయిన దసరాకి జహీరాబాద్ వెళ్ళినప్పుడు వచ్చింది.

మామ బీదర్ పోయే రోడ్డు వైపు ఉన్న స్థలంలో బిల్డింగు లేపుతున్నాడు. కింద నాలుగు షాపులు, పైన మూడంతస్తుల్లో ట్రాక్టర్ ఫ్యాక్టరీ కుర్రాళ్ళకి అద్దె గదులు. పునాదికి ముందు నేల పరీక్ష చేయించమన్నారట, చేయించాడు. స్పైరల్ బైండింగు వేసిన నలభై పేజీల రిపోర్టు, నిండా రంగు రంగుల బొమ్మలు. భోజనాలయ్యాక దాన్ని నా చేతిలో పెట్టి, "అల్లుడా, నువ్వు కంప్యూటర్ల పనిచేస్తవు గదా, జర చూడు. రంగులైతే మంచిగున్నయ్ గని, గీ నిలువు గీత మీద అంకెలు లేవేందిరా? నా ట్రాక్టర్ మీటర్ల గూడ అంకెలుంటయ్ గదా" అన్నాడు.

మామ పదో తరగతి తప్పాడు. ఆ రిపోర్టుని అప్పటికి బీటెక్ చదివిన ముగ్గురు చూసి ఉంటారు: చేసినాయన, డిజైన్ ఇంజనీరు, ఇప్పుడు నేను. నేనైతే పేజీలు తిప్పేసి "బానే ఉంది మామా" అనబోతున్నాను కూడా. నిజం ఒప్పుకోవాలి కదా.

విషయం తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నేలలో వరసగా ఇరవైనాలుగు జియోఫోన్లు గుచ్చుతారు. ఇవి చిన్న సైజు భూకంప మాపకాలు అనుకోండి. ఒక చివర ఇనప పలక పెట్టి సమ్మెటతో కొడతారు. ఆ దెబ్బకి పుట్టిన అల ఒక్కో జియోఫోను దగ్గరికి కొంచెం కొంచెం ఆలస్యంగా చేరుతుంది. ఆ ఆలస్యాల్లోంచి అల వేగం లాగుతారు. తక్కువ ఫ్రీక్వెన్సీ అలలు పొడుగ్గా ఉండి లోతుగా తడుముతాయి, ఎక్కువ ఫ్రీక్వెన్సీవి పైపైనే పోతాయి. కాబట్టి ఏ ఫ్రీక్వెన్సీకి ఎంత వేగమో గీస్తే కింద ఏ లోతులో నేల గట్టిదో మెత్తదో చెప్పొచ్చు. అందంగా ఉంది కదూ! నాకు కూడా చాలా నచ్చింది. గొడవంతా గీయడం దగ్గరే.

రిపోర్టు ఇచ్చినాయనకి ఫోన్ చేశాను. మర్యాదస్తుడే. "నిలువు గీత మీద అంకెలు లేవండీ, ఈ ఇరవైనాలుగు గీతలూ ఒకే స్కేలు మీద ఉన్నాయా?" అనడిగితే ఆయన చెప్పిన జవాబు ఇదీ: "సార్, సాఫ్ట్‌వేర్ ఎట్ల ఇచ్చిందో అట్లనే పెట్టినం."

ఈ ఒక్క వాక్యం మీదే నా కోపమంతా. ఆయన మీద కాదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చింది అంటున్నారే, ఆ సాఫ్ట్‌వేర్ అనేవాడెవడు? ఆకాశంలోంచి ఊడిపడ్డాడా? మనమే కదండీ! ఎక్కడో ఒక క్యూబికల్లో కూర్చుని, శుక్రవారం సాయంత్రం రిలీజు ఉందని తొందరలో, "ఆటోస్కేల్ ఈక్వల్స్ ట్రూ" అని ఒక లైను కొట్టి, టీ తాగడానికి వెళ్ళినవాడు. అక్కడితో వాడికి ఆ సంగతి అయిపోయింది. జహీరాబాద్‌లో మా మామకి అప్పుడే మొదలైంది.

ఆయన్నే బతిమాలితే ముడి డేటా మెయిల్ చేశాడు, అందుకు ఆయనకి దణ్ణం. జియోప్సీ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, జీపీఎల్ లైసెన్సుది, ఇలాంటి అర్రేల కోసమే చేసినది. రెండు రాత్రులు దానితో కుస్తీ పట్టాను. (అన్నట్టు, అందులో యాక్సిస్‌లు, ఫాంట్లు, రంగులు సెట్ చేసుకుని ఒక ఫైల్లో దాచుకోవచ్చు. ఆ ఫైలుని వాళ్ళు పిలిచే పేరు "మేకప్". ఇంత నిజాయితీగా పేరు పెట్టిన వాళ్ళని నేనింకెక్కడా చూడలేదు :))

మొదట ఇరవైనాలుగు గీతల్నీ ఒకే నిలువు స్కేలు మీద పెట్టాను. రిపోర్టులో ఇరవైనాలుగూ ఒకే ఎత్తున, సంక్రాంతి ముగ్గులా పొందిగ్గా ఉన్నాయి. ఇక్కడ దగ్గరున్న పది పన్నెండు బాగానే ఊగుతున్నాయి, ఆ తర్వాత సన్నబడిపోతున్నాయి, చివరి ఆరూ దాదాపు తిన్నని గీతలు. వాటిని తీసుకెళ్ళి పెద్దవి చేస్తే కనిపించింది సమ్మెట దెబ్బ కాదు, రోడ్డు మీద పోయే లారీలు. ముంబై హైవే అటు పక్కనే మరి. అంటే రిపోర్టులో ఏం జరిగిందంటే, ఏ గీతకి ఆ గీతనే దాని సొంత గరిష్ఠంతో భాగించి గీశారు. అరిచినవాడూ గొణిగినవాడూ ఒకే గొంతుతో మాట్లాడినట్టు వినిపిస్తుంది. మాట్లాడనివాడి గురక కూడా!

ఇంకో బొమ్మ అంతకన్నా ఘోరం. ఫ్రీక్వెన్సీ అడ్డంగా, వేగం నిలువుగా, శక్తి ఎంతుందో రంగుల్లో. అందులో ఎడమ చివరిదాకా, ఆరు హెర్ట్జ్ వరకూ, ఎర్రటి గట్టు ఒకటి దర్జాగా పైకి ఎక్కుతూ ఉంది. ఆ గట్టు నిజమైతే కింద మంచి రాయి ఉన్నట్టే. కానీ ఇక్కడా ప్రతి ఫ్రీక్వెన్సీనీ విడివిడిగా నార్మలైజ్ చేశారు. అంటే ఏ నిలువు వరస తీసుకున్నా ఎక్కడో ఒకచోట ఎరుపు రాక తప్పదు, అక్కడ అసలు సిగ్నలున్నా లేకపోయినా. నార్మలైజేషన్ తీసేసి చూస్తే పన్నెండు హెర్ట్జ్ కింద అంతా నీలమే.

లెక్క కూడా అదే చెప్తుంది, ఇది మీరే చేసుకోవచ్చు. అల పొడవు అంటే వేగాన్ని ఫ్రీక్వెన్సీతో భాగించడం. సెకనుకి 280 మీటర్ల వేగం, 12 హెర్ట్జ్ అయితే అల పొడవు సుమారు 23 మీటర్లు. జియోఫోన్లు మీటరుకొకటి చొప్పున పరిచారు కాబట్టి మొత్తం వరస పొడవూ 23 మీటర్లే. ఈ పనిలో ఉన్నవాళ్ళ మోటు లెక్క ప్రకారం వరస పొడవుని మించిన అలని నమ్మకూడదు, అందులో సగాన్ని మించిన లోతునీ నమ్మకూడదు. అంటే పన్నెండు మీటర్ల లోపు. మన రిపోర్టు ఆరు హెర్ట్జ్ దగ్గర 480 చదివింది. అంటే ఎనభై మీటర్ల అల. ఇరవైమూడు మీటర్ల టేపుతో ఎనభై మీటర్ల అలని కొలిచారన్నమాట! ఆ కొలతతో ముప్ఫై మీటర్ల లోతు దాకా పచ్చగా రంగు వేసిచ్చారు.

ముప్ఫయ్యే ఎందుకంటే, భూకంప ఇంజనీరింగులో పై ముప్ఫై మీటర్ల సగటు వేగం అని ఒక అంకె అడుగుతారు. సెకనుకి 760 మీటర్లు దాటితే రాయి, 360 నుంచి 760 మధ్య గట్టినేల, 180 నుంచి 360 అయితే ఒక మాదిరి, ఇలా అమెరికా వాళ్ళ వర్గీకరణ ఒకటి ప్రపంచమంతా వాడతారు. అడిగారు కాబట్టి సాఫ్ట్‌వేర్ ముప్ఫై దాకా గీస్తుంది. తెలిసింది పన్నెండు వరకే కదా, మిగతా పద్ధెనిమిదీ బూడిద రంగులో వేద్దాం అని అది రాసినవాడికి తట్టలేదు.

ఇదంతా ఒక అద్దె గదుల బిల్డింగుకి అవసరమా అంటారా? మా ఊరివాళ్ళని అడగండి. 1993 సెప్టెంబర్ 30, తెల్లవారుజామున నాలుగవబోతుండగా కిల్లారిలో భూమి కదిలింది. వినాయక నిమజ్జనం చేసి పడుకున్న రాత్రి. 6.2 మాగ్నిట్యూడ్, దాదాపు పదివేలమంది పోయారు. కిల్లారి మా జహీరాబాద్ నుంచి కాకి దూరం నూటపది కిలోమీటర్లు ఉంటుంది, అంతే. నేను అప్పటికి పుట్టలేదు, కానీ గూట్లోని గిన్నెలు వాటంతటవే ఎలా మోగాయో మా అమ్మమ్మ చెప్పగా చెప్పగా నాకే జరిగినట్టు ఉంటుంది. అప్పటి మన దేశపు భూకంప పటంలో కిల్లారి ఏ జోన్లో ఉందో తెలుసా? ఒకటో జోన్. అన్నిటికన్నా భయంలేని రంగు. 2002లో సవరించిన పటంలో ఒకటో జోన్ అనేదే ఎత్తేశారు, లాతూర్ వైపు ప్రాంతాన్ని మూడో జోన్లో కలిపారు. అప్పట్లో ఆ పటం గీసినవాళ్ళ దగ్గర ఆ ప్రాంతం గురించి ఉన్నది తక్కువ సమాచారం. కానీ "ఇక్కడ ప్రమాదం తక్కువ" అనే దానికీ "ఇక్కడ మాకు పెద్దగా తెలియదు" అనే దానికీ ఒకటే రంగు పూస్తే చూసేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? మా మామ రిపోర్టులో ఆ పద్ధెనిమిది మీటర్ల పచ్చరంగు సరిగ్గా ఇదే.

మన తెలుగువాళ్ళకి అర్రేలు కొత్త కాదు. హిందూపురం దాటి కర్ణాటకలో అడుగుపెడితే గౌరిబిదనూరు. అక్కడ 1965లో బార్క్ వాళ్ళు, బ్రిటిష్ అణుశక్తి సంస్థతో కలిసి, ఇరవై సీస్మోమీటర్లని ఎల్ ఆకారంలో రెండు చేతులుగా కిలోమీటర్ల పొడవునా పరిచారు. ప్రపంచంలో ఎవరు ఎక్కడ భూమికింద బాంబు పేల్చినా వినడానికి. దీని తోబుట్టువులు స్కాట్లండ్‌లో, కెనడాలో, ఆస్ట్రేలియాలో ఉన్నాయి. ఒక్క సీస్మోమీటరుకి వినపడని గొణుగుడు ఇరవై కలిస్తే ఎందుకు వినపడుతుంది? ఆలస్యాలు సరిచేసి కలిపితే సిగ్నల్ సిగ్నల్‌తో కలిసి పెరుగుతుంది, రొద రొదతో కొట్టుకుపోతుంది. అయితే దీనికో షరతుంది: వాటిలో చెడిపోయినదేదో, పక్కన పంపుసెట్టు మోగుతున్నదేదో చూసే మనిషి కనిపెట్టి తీసేయాలి. అందరినీ ఒకే ఎత్తున గీసే తెరమీద ఆ మనిషి ఎలా కనిపెడతాడు చెప్పండి?

అసలు ఈ రంగంలో ఇది పాత పంచాయితీయే. శాక్ అని దశాబ్దాలుగా సీస్మాలజీ వాళ్ళు వాడే ప్రోగ్రాం ఉంది. దాంట్లో నాలుగు గీతలు ఒకదాని కింద ఒకటి గీయమంటే మామూలుగా దేని స్కేలు దానిదే. "వైలిమ్ ఆల్" అని కొడితేగానీ అన్నీ ఒక స్కేలుకి రావు. పైథాన్‌లో ఆబ్‌స్పై రాసినవాళ్ళు దీన్ని తిరగేశారు: స్ట్రీమ్‌ని గీస్తే ఈక్వల్ స్కేల్ అనేది మొదటినుంచే ట్రూ, వద్దనుకుంటే నువ్వు ఫాల్స్ చేసుకో. తేడా ఒక్క పదమే. కానీ మొదటిదాంట్లో ఏమీ తెలియనివాడు మోసపోతాడు, రెండోదాంట్లో ఏమీ తెలియనివాడు "అరె, ఈ గీత ఇంత చిన్నగా ఉందేంటి?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న పుట్టించడమే కదా బొమ్మ పని!

రంగుల సంగతీ అంతే. నీలం నుంచి ఎరుపు దాకా ఇంద్రధనుస్సులా పోయే జెట్ రంగులపట్టీ లేనిచోట గీతలున్నట్టు చూపిస్తుందని జనాలు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. మ్యాట్‌ల్యాబ్ 2014లో దాన్ని డిఫాల్ట్‌గా మానేసింది, మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో మానేసింది. వాడేవాళ్ళకి పాఠాలు చెప్పి మార్చలేనిది ఒక రిలీజుతో మారింది. డిఫాల్ట్‌కున్న బలం అది. మా మామ రిపోర్టు మాత్రం ఇంకా జెట్టే :(

జపాన్ వాళ్ళ కథ కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే వాళ్ళకి తెలియని సాంకేతికత కాదిది. 2011 మార్చి 11న సముద్రంలో భూకంపం వచ్చిన మూడు నిమిషాలకే హెచ్చరిక ఇచ్చారు. తొలి అంచనా మాగ్నిట్యూడ్ 7.9, మియాగిలో 6 మీటర్లు, ఇవాతే, ఫుకుషిమాల్లో 3 మీటర్ల అలలు. అసలు భూకంపం 9.0. సరైన మాగ్నిట్యూడ్ లెక్కకి కావాల్సిన బ్రాడ్‌బ్యాండ్ సీస్మోమీటర్లు దేశంలో స్కేలు దాటి తెగిపోయాయి, టైముకి లెక్క కుదరలేదు. ఆ 3 మీటర్ల అంకె విని కొందరు తాత్సారం చేశారన్న విమర్శ తర్వాత వచ్చింది. అప్పుడు వాళ్ళేం చేశారు? 2013 నుంచి, 8 దాటే అవకాశమున్న భూకంపాలకి మొదటి హెచ్చరికలో మీటర్ల అంకె వేయడం మానేసి "భారీ", "ఎత్తైన" అనే అర్థమొచ్చే మాటలు పెట్టారు. తెలియని అంకెని తెలిసినట్టు చూపించకూడదని తెరనే మార్చేశారు. "ప్రజలే జాగ్రత్తగా చదువుకోవాలి" అని చేతులు దులుపుకోలేదు.

ఇప్పుడు మన సాఫ్ట్‌వేర్ జనాల సమర్థింపులకొద్దాం, నాకివి కంఠతా వచ్చు, ఎందుకంటే నేనూ వాడాను. "యూజరు మార్చుకోవచ్చు కదా, సెట్టింగ్స్‌లో ఉంది." ఉంది. మెనూలో మెనూలో మూడో ట్యాబులో. జహీరాబాద్‌లో రోజుకి రెండు సైట్లు చేసి, రాత్రికి రిపోర్టు ప్రింటు తీసి, పొద్దున్నే డబ్బులు వసూలు చేసుకోవాల్సిన మనిషి మూడో ట్యాబుకి వెళ్తాడా? మనం ఫోన్ కొన్నాక ఎన్ని సెట్టింగ్స్ మార్చామో గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి.

"ఆటోస్కేల్ లేకపోతే ఏమీ కనపడదు." ఇందులో నిజముంది, దీన్ని తీసిపారేయను. ఇరవైనాలుగు బిట్ల డిజిటైజరు ఒకేసారి పట్టగలిగే అతి చిన్న కదలికకీ అతి పెద్దదానికీ నిష్పత్తి కోటి దాకా ఉంటుంది. ఒకే స్కేలు మీద ఆ రెండూ గీస్తే చిన్నది గీతగా కూడా మిగలదు. చూసుకోవడానికి ఆటోస్కేల్ పెట్టండి, తప్పు లేదు. కానీ బొమ్మని ఫైలుగా దాచే క్షణంలో, ప్రింటుకి పోయే క్షణంలో, దాని మూల మీద "ప్రతి గీతా విడిగా నార్మలైజ్ చేయబడింది" అని అచ్చు పడాలి. యాక్సిస్ మీద యూనిట్ లేకపోతే ఎక్స్‌పోర్ట్ బటన్ పనిచేయకూడదు. పది లైన్ల కోడండీ ఇది. లాగిన్ పేజీ మీద దీపావళికి టపాసులు పేల్చే యానిమేషన్ రాయడానికి మనకి స్ప్రింటులో టైముంటుంది!

"సైంటిస్టులకి ఇవన్నీ తెలుసు." సైంటిస్టులకి తెలుసు, అవును. చూసేది సైంటిస్టులు మాత్రమే కాదు కదా. 2024 డిసెంబర్ 4 పొద్దున్న ఏడున్నరకి ముందు ములుగులో 5.3 భూకంపం వచ్చింది, హైదరాబాద్‌లో కూడా తెలిసింది. ఆ సాయంత్రం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన ఫోన్ యాప్ స్క్రీన్‌షాట్ పెట్టాడు, "మళ్ళీ వస్తోంది" అని. తెర నిండా ఎర్రటి గీతలు, పైనుంచి కిందిదాకా. ఇద్దరు ముసలివాళ్ళు మెట్లు దిగి కిందికొచ్చారు. తీరా చూస్తే ఆయన ఫోను ఫ్రిజ్ మీద పెట్టాడు. ఆటోస్కేల్‌కి ములుగూ ఫ్రిజ్జూ ఒకటే.

మళ్ళీ మామ దగ్గరికి. రిపోర్టులో లోతు పెరిగేకొద్దీ వేగం పెరుగుతూనే పోయింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో "కింది పొర పైదానికంటే మెత్తగా ఉండకూడదు" అని ఒక షరతు పెట్టుకోవచ్చు, అది పెట్టినట్టున్నారు. ఇది డిస్‌ప్లే తప్పు కాదు, ఒప్పుకుంటాను. కానీ మా ప్రాంతంలో నేల ఎలా ఉంటుందో బావులు తవ్విన ఏ ముసలాయన్ని అడిగినా చెప్తాడు. పైన గట్టి ఎర్రరాయి, మొరం. దాని కింద మెత్తటి సుద్దమన్ను. ఆ కింద ఎప్పటికో నల్లరాయి. బీదర్ నుంచి మా దాకా ఇదే తీరు. మామకీ తెలుసు. "పైన గట్టిగుంటది గని కింద సుద్ద ఉంటది గదరా, మరి గీ కాయితంల లేదేంది?" అని ఆయనే అన్నాడు, నేను రెండు రాత్రులు కుస్తీ పట్టాక. ముందే అడగొచ్చు కదా మామా అంటే, "రంగుల కాయితం జూసి నాకే డౌటొచ్చింది, నాది తప్పేమో అని" అన్నాడు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఈ మాటే. నలభై ఏళ్ళుగా ఆ నేల మీద బతికిన మనిషి, తనకి తెలిసినదాన్ని ఒక డిఫాల్ట్ ముందు అనుమానించాడు.

మామ ఇంకొన్ని వేలు ఖర్చుపెట్టి బోరు వేయించి మట్టి తీయించాడు. ఆరో మీటరు దగ్గర సుద్ద వచ్చింది, చేత్తో నొక్కితే దిగింది. డిజైన్ ఇంజనీరు పునాది మార్చాడు. ఖర్చు పెరిగింది, పని ఒక నెల వెనక్కి పోయింది, మామ నన్ను రెండు రోజులు తిట్టుకున్నాడు కూడా. ఇప్పుడు పిల్లర్లు లేస్తున్నాయి.

చివరగా ఒకటి చెప్పకుండా దాస్తే న్యాయం కాదు. నేను పనిచేసేది ఫ్యాక్టరీ మోటార్ల వైబ్రేషన్ చూపించే ఒక ప్రోడక్టులో, గ్రాఫుల మాడ్యూల్ నాదే. రెండేళ్ళ కింద ఒక కస్టమరు టికెట్ వేశాడు: "రాత్రి మోటారు ఆపినప్పుడు గ్రాఫూ, నడుస్తున్నప్పుడు గ్రాఫూ ఒకేలా కనిపిస్తున్నాయి, స్కేలు కదలకుండా ఉండేట్టు చేయగలరా?" నేను నాలుగు నిమిషాల్లో మూసేశాను. నా జవాబు ఇంకా అందులో అలాగే ఉంది: "డిజైన్ ప్రకారమే పనిచేస్తోంది. యూజరు సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు."

దసరా అయిపోయి ఆఫీసుకొచ్చిన మొదటిరోజే దాన్ని మళ్ళీ తెరిచాను. కిందటివారం ప్లానింగ్ మీటింగులో మా మేనేజరు "ఇది బగ్గా, ఫీచరా?" అనడిగాడు. బగ్ అన్నాను. గంటసేపు వాదించుకున్నాం. ఇంకా తేలలేదు.